ఫిర్యాదులు లేని ఆఫీసు

దేవసహాయం చేతిరాత చూసినవాళ్లెవరూ అతడు బాయి కార్మికుడి కొడుకంటే నమ్మేవాళ్లు కారు. తండ్రి యోనా బెల్లంపల్లిలో ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగినవాడు, సంతకం ఎరగనివాడు. వేలిముద్ర వేసిన ప్రతిసారీ బొటనవేలి సిరాను లుంగీకి తుడుచుకుంటూ, తన కొడుకు మాత్రం కలం పట్టాలని పట్టుబట్టాడు. మిషన్ బడిలో చదివించాడు. బడిలో లెక్కలు అంతంతమాత్రంగా వచ్చాయి గాని, రాత మాత్రం ముత్యాల్లా కుదిరింది.

గోదావరిఖనిలో కొత్త బాయిలు తెరుస్తున్నారని, మనుషులు కావాలని తెలిసి దేవసహాయం రామగుండంలో రైలు దిగింది 1963లో. అతడి దరఖాస్తు చేతిలోకి తీసుకున్న ఆఫీసరు అందులో ఏం రాసి ఉందో చదవకుండానే, "ఈ రాత ఎవరిది?" అని అడిగాడట. ఆ రాతే ఉద్యోగం ఇప్పించింది. కార్మికుల క్వార్టర్ల మరమ్మతు ఆఫీసులో గుమాస్తాగా వేశారు.

ఆఫీసంటే రెండు గదులు, ఒక వరండా. నలుగురు మనుషులు. ఆఫీసుకు పెద్ద అయిన నర్సింగం, గుమాస్తా దేవసహాయం, గోడలు కట్టే సుతారి ఎల్లన్న, కాగితాలు అటూ ఇటూ తిప్పే సదయ్య. బాయి చుట్టూ లైన్లు లైన్లుగా కట్టిన పెంకుటిళ్లలో ఎవరి కప్పు కురిసినా, ఎవరి గోడ పగిలినా, ఎవరి కుళాయి ఊడినా ఇక్కడికే వచ్చి మొత్తుకోవాలి.

నర్సింగానికి కాగితాలంటే పడదు. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, తమలపాకు నములుతూ కూర్చునేవాడు. ఎవరైనా ఆడమనిషి వచ్చి, "సారూ, వంటింట్ల నీళ్లు కారుతున్నయి" అంటే అక్కడి నుంచే కేకేసేవాడు.

"ఎల్లన్నా! నాలుగో లైను పోయిరా. జల్ది పో, అవ్వ పొయ్యి ఆరిపోతది!"

దేవసహాయం రిజిస్టరు తెరిస్తే, "రాసుడు తర్వాత గాని, ముందు మనిషిని తోలు" అనేవాడు. సాయంత్రం ఎల్లన్న వచ్చి ఏయే ఇంట్లో ఏం చేశాడో చెబితే, దేవసహాయం ముత్యాల్లాంటి అక్షరాలతో అప్పుడు రాసుకునేవాడు. అలా నెలకు అరవై, డెబ్బై ఫిర్యాదులు వచ్చేవి. వచ్చినవి వచ్చినట్టే తీరిపోయేవి.

తప్పులూ జరిగేవి. ఒకసారి ఎల్లన్న ఆరో లైనుకు పోబోయి ఏడో లైనుకు పోయి, నిక్షేపంలాంటి కప్పు విప్పి కూర్చున్నాడు. ఆ ఇంటివాళ్లు ఆఫీసు మీదికి దండయాత్రకు వచ్చారు. నర్సింగం లేచి నిలబడి, "తప్పు నాది అవ్వా. లైను నేనే తప్పు చెప్పిన" అని చేతులు జోడించాడు. వాళ్లు వెళ్లాక ఎల్లన్నను లోపలికి పిలిచి తిట్టిన తిట్లు వరండా దాటి వినిపించాయి. తిట్టడం అయ్యాక సగం తమలపాకు చించి ఇచ్చాడు. అంతటితో ఆ ముచ్చట అయిపోయింది.

ఇదంతా నాయకత్వం అంటారని దేవసహాయానికి అప్పట్లో తెలియదు. ఆఫీసులన్నీ ఇట్లాగే ఉంటాయనుకున్నాడు.

1968లో నర్సింగం రిటైరై పోయాడు. ఆయన కుర్చీలోకి మాణిక్‌రావు వచ్చాడు.

మాణిక్‌రావు చెడ్డవాడని ఎవరూ అనలేరు. గొంతు పెంచడు. బూతు మాట ఎరగడు. బొగ్గు దుమ్ము రాలే ఊళ్లో కూడా తెల్ల చొక్కా తెల్లగానే ఉంచుకుంటాడు. వచ్చిన రోజే ముగ్గురినీ నిలబెట్టి, "మనం ఒక్క ఇంటోళ్లం. మీ మీద నాకు పూర్తి నమ్మకం" అన్నాడు. మధ్యాహ్నానికి సిమెంటు గదికి కొత్త తాళం పడింది. తాళంచెవి తెల్ల చొక్కా జేబులోకి వెళ్లింది. మర్నాడు తన గదికీ గుమాస్తా గదికీ మధ్య చెక్క అడ్డం కట్టించాడు. అందులో అరచేయంత కిటికీ పెట్టమన్నాడు. అది గాలికి కాదని కట్టిన ఎల్లన్నకు కూడా తెలుసు.

వారం తిరగకముందే దేవసహాయాన్ని లోపలికి పిలిచాడు.

"కూర్చో. ఈ ఆఫీసుల నమ్మదగ్గ మనిషివి నువ్వొక్కనివే. సదయ్య సంగతి జర కనిపెడుతుండు. ఈ మాట మనిద్దరి మధ్యనే ఉండాలె."

దేవసహాయానికి ఛాతీ ఉప్పొంగింది. ఐదేళ్లలో నర్సింగం ఒక్కసారి కూడా అతణ్ణి ఇలా కూర్చోబెట్టి మాట్లాడలేదు. ఆ పూట ఇంటికి పోయి భార్య సుసన్నాకు గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె రొట్టెలు ఒత్తుతూ అంతా విని, "ఇంతకూ సదయ్యన్న ఏం చేసిండు?" అంది.

"ఏం చెయ్యలే."

"ఏం చెయ్యనోన్ని కనిపెట్టుడేంది?"

ఆ మాటకు దేవసహాయానికి ఆమె మీద కోపం వచ్చింది.

కనిపెట్టడం మొదలుపెడితే ఎవరిలోనైనా ఏదో ఒకటి కనపడకపోదు. సదయ్య పోస్టాఫీసుకు పోయి అరగంట ఎక్కువ తీసుకుంటాడని దేవసహాయం లోపల చెప్పాడు. పోస్టాఫీసు దారిలో సదయ్య తమ్ముడి సైకిలు దుకాణం ఉందని కూడా చెప్పాడు. ఇద్దరూ కలిసి తాగే చాయ్ మానేశారు. చాయ్ తాగుతూ ఒకడి మీద ఒకడు కన్నేసి ఉంచడం ఇబ్బందిగా తోచింది. ఎనిమిది నెలల తర్వాత ఒక పెళ్లి పందిట్లో సదయ్య అతడి పక్కన కూర్చుని, "సారు నిన్ను కనిపెట్టుమన్నడే! నమ్మకస్తుడివి నువ్వొక్కనివే అన్నడు నాతోని" అని బయటపడ్డాడు. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. అయినా మర్నాడు కలిసి చాయ్ తాగలేదు. ఎవరు లోపల ఏం చెప్పి వచ్చారో ఎవరికి వాళ్లకు గుర్తుంది.

తర్వాతి ఏడు ఫారం వచ్చింది. నోటి మాటగా ఫిర్యాదు చెల్లదన్నాడు మాణిక్‌రావు. ఫారం మీద కార్మికుడి పేరు, బాయి దిగేటప్పుడు చూపే బిళ్ల నంబరు, షిఫ్టు, ఆ షిఫ్టు కార్మికుల మీద పెద్దగా ఉండే సర్దారు సంతకం ఉండాలి. మూడు కాపీలు ఇవ్వాలి. అది మాణిక్‌రావు బల్ల మీదికి వెళ్తే ఆయన మూలన "మాట్లాడవలెను" అని రాసి పక్కన పెడతాడు. ఎవరితో మాట్లాడాలో రాయడు. ఆ మాట రాస్తే ఫైలు కదిలినట్టూ ఉంటుంది, తను ఏదీ తేల్చనట్టూ ఉంటుంది. పొరపాటున ఏదైనా తప్పు జరిగితే తన సంతకం ఎక్కడా దొరకదు. ఆయన ఫికరంతా అదొక్కటే.

బాయి దిగిన మగవాడు అలసి ఇంటికొచ్చి పడుకుంటాడు. ఇల్లు కురిసే బాధ పడేది ఆడవాళ్లు. వాళ్లకు సర్దారు ఎవరో తెలియదు, సంతకం ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఒకటి రెండుసార్లు తిరిగి, గోనెసంచులు కప్పు మీద పరుచుకుని ఊరుకున్నారు. డెబ్బై ఫిర్యాదులు ముప్పై అయ్యాయి, ముప్పై ఏడయ్యాయి. 1970 చివరకు ఒక నెల మొత్తానికి ఒక్కటీ రాలేదు.

మాణిక్‌రావు ఆ అంకెలన్నీ దేవసహాయం చేత ఒక తెల్ల కాగితం మీద అందంగా రాయించి పైకి పంపాడు. పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ముగ్గురికీ లడ్డూలు పంచి, "ఇది మన నలుగురి కష్టం" అన్నాడు. ఉత్తరాన్ని పటం కట్టించి తన గదిలో తగిలించుకున్నాడు. పనే లేక ఆర్నెల్లుగా వరండాలో తాపీకి తుప్పు వదిలిస్తూ కూర్చున్న ఎల్లన్న, లడ్డూ తింటూ దేవసహాయం వైపు చూశాడు. దేవసహాయం తల దించుకుని తిన్నాడు. లడ్డూ బాగానే ఉంది.

1971 వానాకాలంలో ఎనిమిదో లైను సారవ్వ ఆఫీసుకు వచ్చింది. భర్త బిక్షం పొద్దుటి షిఫ్టులో బాయిలో ఉన్నాడు. ఆమె తడిసి ముద్దయి ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా దేవసహాయం బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, గోడ ఉబ్బింది. చెయ్యి పెడితే మెత్తగ ఉంది. లోపల ముసల్ది మంచంల ఉంది, మా అత్త. లేవలేదు."

దేవసహాయం చేయి అలవాటుగా ఫారం మీదికి పోయింది. "బిళ్ల నంబరు ఎంత అక్కా?"

"నంబరు నాకెర్కనా? గోడ పడుతదన్నా!"

మాణిక్‌రావు గదిలోనే ఉన్నాడు. దేవసహాయం వెళ్లి చెప్పాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "షిఫ్టు దిగినంక బిక్షాన్ని రమ్మను. సర్దారు సంతకం తెమ్మను. రూలు ఒకరికొకటి, ఇంకొకరికొకటి ఉండదు కదా?" అన్నాడు.

బయటికి వచ్చేసరికి ఎల్లన్న వరండాలో నిలబడి అంతా విని ఉన్నాడు. "దేవన్నా, నేను పోతున్న. నువ్వు చూడలే, సరేనా?" అన్నాడు మెల్లగా. దేవసహాయం అవుననలేదు, కాదనలేదు. ఎల్లన్న, బాయికి పంపడానికి ఆవరణలో పేర్చిన దుంగల్లోంచి రెంటిని భుజాన వేసుకుని, వానలో సారవ్వ వెంట నడిచాడు.

గంటకు అరచేయంత కిటికీ తెరుచుకుంది. "ఎల్లన్న కనపడతలేడేంది?"

అబద్ధం చెప్పకూడదని దేవసహాయానికి చిన్నప్పటి నుంచి నేర్పారు. ఆ పూట ఆ పాఠం ఎంతో సౌకర్యంగా అనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"ఇదే ముక్క కాగితం మీద రాసియ్యి. ఫైలు కోసమే. ఏం కాదు."

రాశాడు. ఎల్లన్న అనుమతి లేకుండా, డ్యూటీ వదిలి, కంపెనీ దుంగలు రెండు తీసుకుని వెళ్లాడని రాశాడు. కొట్టివేతలు లేకుండా, గీత గీసినట్టు. సారవ్వ వచ్చిన సంగతి, గోడ సంగతి ఆ కాగితంలో లేవు. మాణిక్‌రావు అడగలేదు, అతడు రాయలేదు.

గోడ పడలేదు. ఎల్లన్న లోపలి నుంచి రెండు దుంగలు ఏటవాలుగా ఆనించి, ముసలమ్మను మంచంతో సహా అవతలి గదికి మార్చి, వాన తెరిపివ్వగానే ఉబ్బిన ఇటుకలు విప్పి కట్టాడు. పడి ఉంటే అందరూ పరుగెత్తుకొచ్చేవాళ్లు, ఎల్లన్న ముందే వెళ్లినందుకు చేతులెత్తి మొక్కేవాళ్లు. పడలేదు కాబట్టి, పడుతుందన్న రుజువు ఎక్కడా లేకుండా పోయింది. ఉన్న రుజువల్లా దేవసహాయం రాసిన కాగితమే. పది రోజుల్లో ఎల్లన్నను సుతారి పని నుంచి తీసి బాయి లోపలి పనికి పంపారు. సుతారి పనిలో ఇరవై ఏళ్లు చేయి తిరిగిన మనిషి, నలభై రెండేళ్ల వయసులో, మొదటిసారి నెత్తికి లైటు కట్టుకుని భూమిలోకి దిగాడు.

ఆ నెల నివేదికలో మాణిక్‌రావు ఒక వాక్యం చేర్పించాడు: "ఎనిమిదవ లైనులో ఒక గోడను సకాలంలో గుర్తించి మరమ్మతు చేయించడమైనది." దాన్నీ దేవసహాయమే రాశాడు. ఆ వారమే అతడి చెక్క కుర్చీ తీసేసి, చేతులున్న కుర్చీ వేయించారు.

సుసన్నా ఆ కుర్చీ సంగతి విని, "మంచిగనే ఉందా?" అని మాత్రం అడిగింది. కుళాయి దగ్గర తనను చూస్తే సారవ్వ బిందె పక్కకు జరిపి, మొహం తిప్పుకుని పోతోందని చెప్పింది. ప్రార్థనకు పోయినప్పుడు దేవసహాయం ఎప్పుడూ కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఇప్పుడు ఇంకా గట్టిగా మూసుకుంటున్నాడని ఆమె గమనించింది.

నెల రోజులు తటపటాయించి ఒక ఆదివారం ఎల్లన్న ఇంటికి వెళ్లాడు. ఎల్లన్న వాకిట్లో కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. "రా అన్నా, కూసో" అన్నాడు, ఏమీ జరగనట్టే.

"ఎల్లన్నా, ఆ కాగితం నేనే రాసిన."

"ఎర్కే. నాకు చూపెట్టిండ్రు. నీ రాత కాదంటే ఎవలన్న నమ్ముతరా?" అని ఎల్లన్న నవ్వాడు. దేవసహాయం నవ్వలేకపోయాడు. "బాయిల మా సర్దారు తిట్టని తిట్టు లేదన్నా. కానీ మొఖం మీద తిడుతడు. కప్పు పెళ్లలు రాలేతట్టుంటే, తనే ముంగట పోయి గొట్టి చూసి, మమ్మల్ని రమ్మంటడు. మన ఆఫీసుల కంటే పానం నిమ్మలంగ ఉంది."

భూమి కింద, చీకట్లో, నెత్తిన కొండంత బరువున్న చోట మనిషికి నిమ్మళంగా ఉందట. దేవసహాయం ఇంటికి నడిచి వచ్చినంతసేపూ ఆ మాటే మనసులో తిప్పుకుంటూ వచ్చాడు.

వచ్చి కాగితం తీశాడు. ఆ రోజు సారవ్వ ఏమంది, గోడ ఎట్లా ఉంది, తను లోపల చెబితే ఏం జవాబొచ్చింది, ఎల్లన్న వెళ్తుంటే తను చూసి కూడా ఊరుకోవడం, అన్నీ రాశాడు. ఎల్లన్నను తిరిగి తన పనిలో వేయమని కోరాడు. మర్నాడు మాణిక్‌రావు బల్ల మీద పెట్టాడు. ఆయన ఆసాంతం చదివి, కోప్పడకుండా, మూలన "మాట్లాడవలెను" అని రాసి పక్కన పెట్టాడు.

ఆ తర్వాత దేవసహాయం ఏ పని మీద లోపలికి వెళ్లినా కూర్చోమనలేదు. నమ్మదగ్గ మనిషి ఇప్పుడు సదయ్య ఒక్కడే అయ్యాడు.

1973 వానల్లో దేవసహాయం సొంత క్వార్టరు కురిసింది. పెంకులు పగిలి, నీళ్లు సరిగ్గా మంచం మీదే పడుతున్నాయి. ఫారం మూడు కాపీలు నింపి పెట్టాడు. మాణిక్‌రావు తలుపు దగ్గరికి వేయించి, ఎన్నాళ్లకో మళ్లీ మెత్తగా మాట్లాడాడు.

"చూడు, వచ్చే వారం పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నడు. పద్నాలుగు నెలల సంది ఒక్క ఫిర్యాదు లేదు. ఇప్పుడు మన ఆఫీసు మనిషే ఫిర్యాదు పెడితే నలుగుట్ల మన ఇజ్జత్ ఏం కావాలె? ఈ వారం ఆగు."

దేవసహాయం ఫారాలు వెనక్కి తెచ్చుకున్నాడు. మంచం జరిపి, గిన్నెలు పెట్టుకున్నారు. సుసన్నా గిన్నెలో నీళ్లు పారబోస్తూ, "మరమ్మతు ఆఫీసు గుమాస్తా ఇల్లు గిట్ల ఉందని సారవ్వకు చెప్పనా? జర సంబురపడుతది" అంది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. పటం కట్టిన ఉత్తరం చూశాడు. రిజిస్టరు తిరగేశాడు. ఖాళీ పేజీల మీద నెల నెలకూ అందంగా రాసిన "లేవు, లేవు, లేవు" అన్న మాటకు అర్థం అడిగి తెలుసుకున్నాడు. అప్పుడు దేవసహాయం వైపు తిరిగి, నిజంగా ఎవరికీ ఏ తక్లీఫూ, ఏ ఇబ్బందీ లేదా అని ఉర్దూలో అడిగాడు.

"కోయీ తక్లీఫ్ నై సాబ్" అన్నాడు మాణిక్‌రావు, అతడి బదులు.

బెల్లంపల్లి వీధుల్లో పెరిగిన దేవసహాయానికి ఆ ఉర్దూ ఇంటి భాష లాంటిదే. నోరు తెరిచాడు. "మేరా ఘర్ టపక్‌రా సాబ్." మా ఇల్లే కురుస్తోంది అన్నాడు. ఫిర్యాదులు లేవు గాని, లైన్లన్నీ కురుస్తున్నాయని కూడా అన్నాడు.

ఆఫీసరు అతణ్ణి ఒకసారి, మాణిక్‌రావును ఒకసారి చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని జీపెక్కాడు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఫిర్యాదులే లేని చోట ప్రత్యేకంగా ఆఫీసు అక్కర్లేదని, దాన్ని మూసేసి, మరమ్మతు పనులు ఏ బాయికి ఆ బాయి మేనేజరే చూసుకోవాలని అందులో ఉంది. ఖర్చు లేకుండా ఆఫీసు నడిపిన సమర్థత చూసి మాణిక్‌రావును ఇంకా పెద్ద ఆఫీసుకు, ముప్పై మంది మీద అధికారిగా పంపారు. దేవసహాయం మాట వల్ల మూసేశారా, మాణిక్‌రావు అంకెల వల్ల మూసేశారా అన్నది ఎప్పటికీ తేలలేదు. వీడ్కోలు సభలో మాణిక్‌రావు కళ్లు చెమ్మగిల్లాయి. "ఒక్క ఇంటోళ్ల లెక్క ఉన్నం" అన్నాడు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడని దేవసహాయానికి అప్పుడు తెలిసింది. అది మరీ భయపెట్టింది.

మేనేజరు మనుషులు మొదటి వారంలోనే లైన్లలోకి వచ్చి పెంకులు మార్చారు. సుతారి కావాలని ఎల్లన్నను పిలిస్తే, బాయిలో జట్టు కుదిరిందని, ఇక పైకి రానన్నాడు. సదయ్య అదే కాగితాలు తిప్పే పని మీద ఇంకో ఆఫీసుకు పోయాడు. ఎక్కడికి పోతావని దేవసహాయాన్ని అడిగితే, గుమాస్తా కుర్చీలు రెండు ఖాళీ ఉన్నా, ల్యాంపు రూము అడిగాడు. షిఫ్టు డ్యూటీ, నిలబడి చేసే పని. దిగేవాళ్లకు లైట్లు ఇవ్వాలి, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవాలి. పేరూ నంబరూ తప్ప రాసేదేమీ ఉండదు. అందరూ వింతగా చూశారు. కొడుకు కలం వదిలాడని బెల్లంపల్లిలో యోనా రెండు పూటలు అన్నం తినలేదు.

అక్కడ ఆరేళ్లు చేశాడు. ఎల్లన్న రోజూ కిటికీ ముందు నిలబడి బిళ్ల ఇచ్చి లైటు తీసుకునేవాడు. "కురుస్తలేదు కదా ఇల్లు?" అని అడిగేవాడు. అంతకంటే ఎక్కువ ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు, తక్కువా మాట్లాడుకోలేదు.

1979లో ల్యాంపు రూముకు దేవసహాయాన్నే పెద్దను చేశారు. కింద ముగ్గురు మనుషులు. నాలుగో రోజున వాళ్లలో ఆగయ్య అనేవాడు పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, నీకొక్కనికే చెప్తున్న. మల్లేశం లైట్లు మంచిగ తుడుస్తలేడు. పైపైన తుడిచి పెడుతుండు. నేను చెప్పిన్నని అనకు."

దేవసహాయం వింటున్నాడు. అలా ఒకరు తన చెవి దగ్గరికి వంగి మాట్లాడడం ఎంత హాయిగా ఉంటుందో అతడికి అప్పుడు తెలిసి వచ్చింది. ఇంకా ఏముందో చెప్పమని అడగాలనిపించింది. మాణిక్‌రావు మీద ఇన్నేళ్లుగా ఉన్న కోపం కాస్త సడలి, ఆ చోటులోకి భయం వచ్చి కూర్చుంది. సగం దాకా విన్నాక చేయి ఎత్తి ఆపాడు.

"మల్లేశాన్ని పిలువు" అన్నాడు. "మిగతాది వాని ముంగట చెప్పు."

ఆగయ్య బిత్తరపోయి చూశాడు. తర్వాత పిలవడానికి వెళ్లాడు, ఇష్టం లేకుండానే.